తూఫాన్ కూర్చున్న చోటు

ఐలయ్య అబద్ధమాడే మనిషి కాదు. అబద్ధం ఆడాలంటే మాటలు కావాలి, అవి అతని దగ్గర లేవు. పదిమంది కూర్చున్న చోట "ఊఁ", "ఆఁ", "చూద్దాం" అనే మూడు ముక్కలతో పూట గడిపేస్తాడు. అలాంటి మనిషి ఒకసారి నాలుగో మాట అన్నాడు. ఆ మాట బోరబండ గల్లీలో మొలకెత్తి, మాదాపూర్ ఆఫీసుల దాకా పాకి, చివరికి సినిమావాళ్లను వెంటబెట్టుకుని అతని ఇంటికే తిరిగి వచ్చింది.

ఆ మాట అనిపించింది భార్య లక్ష్మమ్మ. రెండేళ్ల కిందట ఐలయ్య మీరట్ పోయి, సైన్యంలో రిటైరైన ఒక ముసలి లాబ్రడార్ కుక్కను రైల్లో వెంట తెచ్చుకున్నాడు. దాని పేరు తూఫాన్. పేరే తుఫాను గాని స్వభావం చెరువులో నీళ్లు. దాన్ని పిల్లప్పటి నుంచి పెంచి, భూమిలో పాతిన మందుపాతరలు వాసన పట్టడం నేర్పి, కాశ్మీరు రోడ్ల మీద ముందు నడిపించింది ఐలయ్యే. తన సర్వీసు అయిపోయినప్పుడు దాన్ని ఇంకొకరికి అప్పజెప్పి వచ్చేశాడు. ఏళ్లు గడిచి కుక్క సర్వీసు కూడా అయిపోయింది. అలాంటి కుక్కల్ని పెంచుకుంటామని అడిగినవాళ్లకు ఇస్తారని తెలిసి, ఐలయ్య దరఖాస్తు పెట్టి తెచ్చుకున్నాడు.

గడపలో అడుగుపెట్టీ పెట్టకముందే లక్ష్మమ్మ అడిగింది. "ఇన్నేండ్లాయె గదా, నిన్ను గుర్తు పట్టిందా?"

ఐలయ్య చెప్పులు విడుస్తూ, "పట్టకపోతదా" అన్నాడు.

లక్ష్మమ్మ గచ్చిబౌలిలో ఒక కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మొదటి వారం "చూడంగనే గుర్తు పట్టిందంట" అని చెప్పింది. రెండో వారానికి కుక్క ఉరికొచ్చి రెండు కాళ్లూ ఐలయ్య భుజాల మీద వేసింది. నెల తిరిగేసరికి కుక్క కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆమె కావాలని కల్పించిందని అనలేం. మంచి కథకు ఆకలెక్కువ, రోజూ ఏదో ఒకటి పెట్టాలి.

జరిగింది వేరు. మీరట్‌లో కుక్కను తెచ్చి అప్పజెప్పిన జవాను నరేందర్, కరీంనగర్ దిక్కు కుర్రాడు. ఐలయ్య తర్వాత తూఫాన్‌ను నడిపింది అతనే. ఐలయ్య మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. తూఫాన్ దగ్గరికొచ్చి ఆ చెయ్యి వాసన చూసింది, గేటు దగ్గర కొత్తవాళ్ల సంచీ వాసన చూసినట్టు. చూసి, వెనక్కి తిరిగి, నరేందర్ బూట్ల పక్కన కూర్చుంది.

"ముసల్దైందన్నా. ముక్కు మందగించినట్టుంది," అన్నాడు నరేందర్, తన తప్పేదో ఉన్నట్టు నేల చూస్తూ.

"ఊఁ," అన్నాడు ఐలయ్య. ముక్కు మందగించలేదని అతనికి తెలుసు. మరచిపోవడం దానికి నేర్పింది తనే.

కుక్కను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త మనిషి అన్నం పెడతాడు, ఒళ్లు దువ్వుతాడు, వాకింగుకు తీసుకుపోతాడు. పాత మనిషి మొదట పక్కన నిలబడతాడు, తర్వాత దూరంగా నిలబడతాడు, తర్వాత కనబడడు. కుక్క ఏడ్చినా చూడకూడదు, పిలిచినట్టు అరిచినా పలకకూడదు. చాలామంది చాటుగా ఒకసారి వచ్చి తల నిమిరి పోతారు, అందుకే ఆ కుక్కలు వారాల తరబడి కూడు ముట్టవు. ఐలయ్య అలాంటి పని చెయ్యలేదు. చేర్యాల దిక్కు కురుమల ఇంట్లో పుట్టి, గొర్రెల వెంట పెరిగినవాడు. జీవాలను అమ్మిన నాడు వెనక్కి తిరిగి చూడొద్దని తండ్రి చెప్పిన మాట ఒకటి ఒంట్లో ఉంది. ఆఖరి రోజు తూఫాన్ గొలుసు లాగి లాగి కూతపెడుతుంటే, వెనక గేటు గుండా వెళ్లి బస్సెక్కాడు. ఆ తర్వాత తూఫాన్ ఒక్క పూట కూడా కూడు మానలేదని యూనిట్‌లో మెచ్చుకున్నారు. అంత బాగా అప్పజెప్పాడు మరి.

సైన్యం నుంచి ఇంటికొచ్చాక ఐలయ్య ఐటీ పార్కులో సెక్యూరిటీ గార్డుగా కుదిరాడు. నానక్‌రాంగూడ వైపు అద్దాల భవనాలు, లోపలికి పోయే ప్రతి కారు కిందా కర్రకు బిగించిన అద్దం పెట్టి చూడాలి. కార్లో కూర్చున్నవాళ్లు ఫోను నుంచి తలెత్తరు. అతనికీ వాళ్ల ముఖాలు గుర్తుండవు, కార్ల అడుగుభాగాలే గుర్తుంటాయి.

తూఫాన్ వచ్చాక ఇల్లు మారిందని లక్ష్మమ్మ అంటుంది. మారింది మారింది గాని, ఐలయ్యకు ఒక ముల్లు మాత్రం దిగబడిపోయింది. కుక్క పిలిస్తే వస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది, పెట్టింది తింటుంది. అదే మర్యాద లక్ష్మమ్మకూ చేస్తుంది, పక్కింటి ముసలమ్మకూ చేస్తుంది. ప్రభుత్వోద్యోగం చేసిన జీవం, ఎక్కడ పోస్టింగు ఇస్తే అక్కడ మర్యాదగా ఉంటుంది. తన వాకిలిని అది ఇల్లు అనుకుంటోందా, ఇంకో పోస్టింగు అనుకుంటోందా? ఐలయ్యకు తెలియలేదు. తెలుసుకోవాలని చాలా ఉంది, తెలుసుకోవాలంటే భయం అంతకంటే ఎక్కువ ఉంది. అందుకని ఒక్కసారీ పరీక్షించలేదు.

పరీక్ష వినయ్ రూపంలో వచ్చింది. వినయ్ ఆ పార్కులోనే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లక్ష్మమ్మ చెప్పిన కథ చేతులు మారి అతని చెవిన పడితే, గేటు దగ్గర ఐలయ్యతో ఫొటో దిగి, కుక్క కన్నీళ్లతో సహా ఫేస్‌బుక్కులో రాశాడు. అది వేలమంది చదివారు. చదివినవాళ్లలో మధుకర్ అనే సినిమా డైరెక్టరు ఉన్నాడు. భీమవరం మనిషి, మెత్తగా మాట్లాడతాడు. రిటైరైన మిలిటరీ కుక్క మీద ఇంటిల్లిపాదీ చూసే సినిమా తీస్తున్నాడు. సినిమా అంతా హీరోతో, మేపి తర్ఫీదిచ్చిన సినిమా కుక్కతో అప్పటికే అయిపోయింది. చివర్లో పేర్లు పడేటప్పుడు అసలు మనుషులను చూపించాలని అతని కోరిక.

"ఒక్క షాటేనండి. కుక్క పరుగెత్తుకుంటూ వచ్చి మీ మీదికి దూకుతుంది. మీరు పట్టుకుంటారు. అంతేనండి," అన్నాడు మధుకర్, బోరబండ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని.

"చూద్దాం సార్," అన్నాడు ఐలయ్య.

"చూద్దామేంది? ఎప్పుడు రమ్మంటరో చెప్పుండ్రి సార్, మేమొస్తం," అంది లక్ష్మమ్మ.

మధుకర్‌కు నటన వద్దు, నిజం కావాలట. అందుకని ముందు రెండు వారాలు కుక్కను ఐలయ్యకు కనబడకుండా ఉంచుతామన్నాడు. శంకర్‌పల్లి దిక్కు సినిమా కుక్కలకు తర్ఫీదిచ్చే భాస్కర్ అనే అతని షెడ్డు ఉంది, అక్కడ ఉంటుంది. రెండు వారాల బెంగతో ఒక్కసారి వదిలితే చూడండి, అన్నాడు. ఐలయ్య కాదనాలనుకున్నాడు. కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే మీరట్ నుంచి మొదలుపెట్టాలి. అదంతా పక్కన పెడితే, అతనికీ చూడాలని ఉంది. భాస్కర్ వ్యానులో తూఫాన్ ఎక్కి కూర్చుంది. వెనక్కి చూడలేదు. ఆ రెండు వారాలూ ఐలయ్యకు అన్నం సయించలేదు. ఈసారి కూడు మానింది మనిషి.

షూటింగు ఆదివారం పొద్దున్న, ఐలయ్య పనిచేసే పార్కులోనే పెట్టారు. సెలవు కాబట్టి పార్కింగు ఖాళీ. యూనిట్‌వాళ్ల కార్లనే రెండు వరుసలుగా నిలబెట్టి, మధ్యన దారి వదిలారు. ఈ చివర ఐలయ్య, ఆ చివర కుక్క. పక్కన షామియానా, కుర్చీలు. కుర్చీల్లో లక్ష్మమ్మ పిలుచుకొచ్చిన గల్లీ జనం, పెండ్లికి వచ్చినట్టు తయారై కూర్చున్నారు. వినయ్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. పార్కు సెక్యూరిటీ ఆఫీసరు ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు.

"చేతులు చాపండి ఐలయ్యగారూ. ఇంకొంచెం. ఆఁ, అలా ఉండండి," అన్నాడు మధుకర్ మైకులో.

ఐలయ్య చేతులు చాపి నిలబడ్డాడు. చొక్కాకు మాత్రమే అతని సిగ్గు తెలుసు, చంకల్లో తడిసిపోయింది. ఆ చివర వ్యాను తలుపు తెరుచుకుంది. తూఫాన్ దిగింది.

దిగిన కుక్కను చూడగానే ఐలయ్యకు సంగతి అర్థమైంది. దాని ఛాతీకి కొత్త తోలు పట్టీ బిగించి ఉంది. మిలిటరీ కుక్కలా కనబడాలని బట్టలు చూసే విభాగంవాళ్లు తెచ్చి తొడిగారు. తొడిగినవాళ్ల తప్పేం లేదు, అందంగానే ఉంది. కానీ మెడపట్టీ ఉంటే ఇల్లు, ఛాతీ పట్టీ ఎక్కిందంటే డ్యూటీ. ఈ ఒక్క పాఠం మీదే వెతికే కుక్క చదువంతా నిలబడి ఉంటుంది. తూఫాన్‌కు ఈ రెండేళ్లలో ఛాతీ పట్టీ వేసినవాళ్లు లేరు. ఇప్పుడు వేశారు. దానికి ఆదివారం లేదు, సినిమా లేదు, బెంగ లేదు. డ్యూటీ ఎక్కింది.

భాస్కర్ గొలుసు విప్పాడు. మధుకర్ "యాక్షన్" అన్నాడు.

తూఫాన్ పరుగెత్తలేదు. ముక్కు దించి మొదటి కారు దగ్గరికి పోయింది. ముందు చక్రం, తలుపు సందు, వెనక చక్రం, డిక్కీ. తర్వాత రెండో కారు. ముసలి నడుము కొంచెం పక్కకు ఊగుతోంది గాని పనిలో తొందర లేదు, తడబాటు లేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.

"పిలవండి! పేరు పెట్టి పిలవండి!" అన్నాడు మధుకర్.

ఐలయ్య పిలవలేదు. వెతుకుతున్న కుక్కను మధ్యలో పిలవకూడదు. పిలిస్తే అది ఒక చక్రం వదిలేసి వస్తుంది, ఆ చక్రం దగ్గరే ప్రాణం పోతుంది. సర్వీసంతా నడిచిన పద్ధతిని ఒక్క షాటు కోసం విడిచిపెట్టడం అతని చేత కాలేదు. చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాడు, బట్టలు తీసేసిన దండెంలా.

కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "గిదేంది, బండ్లకు చలాన్లు రాస్తున్నదా?" అన్నాడొకడు. లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టీ సంగతి తెలిసినా ఐలయ్య మనసు వినలేదు. రాదు, తన దగ్గరికి రాదు, మీరట్‌లో రాలేదు, ఇప్పుడూ రాదు. ఇంతమందిలో తేలిపోయింది. నిజం చెప్పాలంటే నవ్వు అతన్ని బాధించలేదు. ఏ జవాబు కోసం భయపడ్డాడో ఆ జవాబు వచ్చేసిందని బాధపడ్డాడు.

వరుసలో నాలుగోది తెల్ల ఇన్నోవా. దాని డిక్కీ దగ్గర తూఫాన్ ఆగింది. ముక్కు పైకెత్తింది, దించింది. ఒక అడుగు వెనక్కి వేసి, నేల మీద నిమ్మళంగా కూర్చుంది.

ఎవరికీ ఏమీ అనిపించలేదు. ముసలి కుక్క, అలసిపోయి కూర్చుంది అనుకున్నారు. పేలుడు మందు దొరికిన కుక్క మొరగదు, గీకదు, ఎగరదు, గప్‌చిప్‌గా కూర్చుంటుంది. ఐలయ్య చాపిన చేతులు వాటంతటవే దిగిపోయాయి.

"అందరు ఎనుకకు పోండ్రి!" అని అరిచాడు. లక్ష్మమ్మ ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతు వినలేదు. "ఆ తెల్ల బండి కాడ ఎవ్వలుండొద్దు! పోండ్రి, ఎనుకకు పోండ్రి!"

"కట్, కట్! ఏమైందండి?" అన్నాడు మధుకర్.

సెక్యూరిటీ ఆఫీసరుకు మాత్రం అర్థమైంది. ఇస్త్రీ మాట మరిచిపోయి పరుగెత్తాడు. కుర్చీలు పడ్డాయి, జనం ఒకరి మీద ఒకరు తోసుకుంటూ షామియానా వెనక్కి పోయారు. యూనిట్‌లో బాంబు సీన్ల పని చూసే మనిషి ఒకడు కదలకుండా నిలబడి, ఎవరూ అడగకముందే చేతులు అడ్డంగా ఊపాడు.

"మాదే సార్, మాదే! మందుగుండు సార్, రేపు ఇంకో సినిమా బ్లాస్టు సీను కోసం. ఊరికే పెట్టె, దానంతటది పేలదు," అన్నాడు. గుమ్మడికాయల దొంగెవడంటే భుజాలు తడుముకున్నట్టు.

"క్యాంపస్‌ల మందుగుండు పెట్టిన్రా! ఎవర్నడిగి పెట్టిన్రు?" అని ఆఫీసరు అతని మీద పడ్డాడు. మధుకర్ మధ్యలోకి పోయాడు. వినయ్ ఎందుకైనా మంచిదని ఫోను జేబులో పెట్టుకున్నాడు. అరుపులు, సంజాయిషీలు.

ఇంత గోలలోనూ తూఫాన్ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. దాని ముక్కు డిక్కీ వైపే ఉంది గాని, తల తిరిగి ఉంది. కళ్లు వెతుకుతున్నాయి. దొరికిందని కూర్చున్న కుక్క తల తిప్పి తన మనిషి కోసం చూస్తుంది, వాళ్లిద్దరి మధ్య మాట అదే. అందరికంటే దగ్గర్లో భాస్కర్ ఉన్నాడు. రెండు వారాలుగా కూడు పెట్టిన చెయ్యి అతనిది, ఇప్పుడు ఆ చేతిలో బిస్కెట్టు కూడా ఉంది. "తూఫాన్, కమ్! కమ్ బేటా!" అని ఈల వేశాడు. కుక్క చూపు అతని మీదికి వచ్చి, ఆగకుండా దాటిపోయింది. ఆఫీసరును దాటింది, మైకు పట్టుకున్న మధుకర్‌ను దాటింది, షామియానా చాటున లక్ష్మమ్మను దాటింది. పార్కింగు ఈ చివర, ఒంటరిగా నిలబడి ఉన్న ఐలయ్య మీదికి వచ్చి ఆగింది. ఇక కదల్లేదు.

ఐలయ్య దాని వైపు కదిలాడు. పరుగెత్తలేదు, వెతుకులాట ముగిసిన కుక్క దగ్గరికి హడావిడిగా పోకూడదు. కార్ల మధ్య నుంచి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోయాడు. తూఫాన్ అతన్నే చూస్తూ కూర్చుంది. దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని, గొంతు కింద చెయ్యి పెట్టి, "శాబాష్," అన్నాడు. అప్పుడు తోక నేల మీద కొట్టుకుంది. ఛాతీ పట్టీ విప్పాడు. డ్యూటీ దిగిన కుక్క అతని తొడ మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. ఐలయ్య ఏడ్చాడు. అప్పటికి కెమెరా ఆపేసి ఉంది కాబట్టి అది సినిమాకు పనికిరాలేదు.

ఆ గంటలోనే పార్కువాళ్లు అనుమతి రద్దు చేసి యూనిట్‌ను గేటు బయటికి పంపేశారు. వేరేచోట మళ్లీ తీద్దామండి, పట్టీ లేకుండా తీద్దామండి అని మధుకర్ బతిమాలాడు. ఐలయ్య "వద్దు సార్" అన్నాడు. సినిమా వచ్చినప్పుడు చివర్లో పేర్లు పడేటప్పుడు ఐలయ్యదీ తూఫాన్‌దీ ఒక పాత ఫొటో మాత్రం వేశారు. ఎగిరి మీద పడే సీను సినిమా కుక్క బ్రహ్మాండంగా చేసిందని, హాల్లో పిల్లలూ పెద్దలూ ఏడ్చారని చెప్పుకున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఐలయ్య, లక్ష్మమ్మ ఆటోలో బోరబండకు బయల్దేరారు. తూఫాన్ ఇద్దరి కాళ్ల మధ్య పడుకుని ఉంది. మాదాపూర్ దాటాక లక్ష్మమ్మ ఇక ఆగలేకపోయింది.

"అంతమందిల ఇజ్జత్ తీసిందిగదనయ్యా. అప్పుడు నీ మీదికి ఎగిరిన కుక్క, ఇయ్యాల ఏమొచ్చింది దానికి?"

"అప్పుడు ఎగరలే లచ్చి," అన్నాడు ఐలయ్య.

"ఏంది?"

"ఎగరలే. గుర్తే పట్టలే. నా చెయ్యి వాసన జూసి, పోయి నరేందర్ కాళ్ల కాడ కూసుంది. నువ్వడిగితే చెప్పబుద్ధి గాలే."

లక్ష్మమ్మ అతని ముఖంలోకి చూసింది. బస్తీ అంతా, ఆఫీసు అంతా రెండేళ్లుగా తను చెప్పుకు తిరిగిన కథ ఒక్కో మెట్టే కూలడం ఆమె కళ్లలో కనబడింది. తిట్టడానికి నోరు తెరిచింది. ఎందుకో తిట్టలేదు.

"మరి ఇయ్యాల?" అంది.

"ఇయ్యాల జూసింది."

"నేను జూస్తనే ఉన్న, ఊకె కూసున్నది. ఎంతసేపు జూసింది?"

ఐలయ్య వంగి కుక్క చెవి సరిచేశాడు.

"నేను దాని కాడికి పొయ్యేదాక."